హౌసింగ్‌లో వంక నీళ్ళు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. సర్ఫుతో రుద్దాను, ఇసుకతో తోమాను, నిమ్మచెక్క కూడా అయింది. నడుము పట్టేసింది. అయినా ఇది రాసే పడుకుంటాను. ఏ ఆయిల్ ఏ రంగులో వచ్చిందో రేపటికి కలగాపులగమైపోతుంది.

పికప్ గురువారం ఇంటికొచ్చింది. బొలెరో, 2018 మోడల్, బీఎస్-4, మీటరులో 1,12,640 కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ కాయ కోసిన ప్రతిసారీ బాడుగ బండికి ఫోన్లు చేయడమే నా పని. బండి రాక, క్రేట్లలో కాయ మెత్తబడుతుంటే రోడ్డు పక్కన కూర్చున్న రోజులు ఎన్నో. మదనపల్లె టమోటా మార్కెట్ మాకు దగ్గరే. అక్కడ ధర కుదరనప్పుడు చిత్తూరు మీదుగా చెన్నై వైపు పోవాలని నా ఆలోచన. అంటే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి, పాతిక కిలోల క్రేట్లు యాభై వెనక పెట్టుకుని. ఆ దిగుడు తలుచుకున్నప్పుడల్లా టెన్షన్‌గానే ఉంటుంది.

"పోయిన నెలే ఆయిళ్ళన్నీ మార్పించినా, నువ్వేం చూసుకోబల్లేదు" అన్నాడు అమ్మినాయన. బిల్లు మాత్రం ఒక్కటీ లేదు. ఆయన మాట నిజమైనా కాకపోయినా, బండి నాదయ్యాక లెక్క నా చేతి మీదుగానే మొదలవ్వాలి అనుకున్నాను. బావ ఇరవై ఏళ్ళు లారీ తోలినవాడు. పొద్దున్నే రమ్మన్నాను, వచ్చాడు.

ఇంజిన్ ఆయిల్ చల్లగా ఉంటే అడుగున మడ్డి అంతా రాదు. అందుకని ముందు బంకు దాకా పోయి వచ్చాం. వేపచెట్టు కింద చదునుగా నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కింద దూరాను. డ్రెయిన్ బోల్టు తీయగానే నల్లగా, వేడిగా ధారగా వచ్చింది. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా మసి వల్ల కొన్ని రోజులకే నల్లబడుతుంది, కాబట్టి రంగు చూసి భయపడలేదు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశాను, ఇసుకలాంటి గరుకు తగల్లేదు. పాలు కలిసిన టీలా ఉంటే నీళ్ళు చేరినట్టు, అదీ లేదు. అయితే ఫిల్టర్ చూశాక నిజం తెలిసింది. దాని డబ్బా తుప్పు పట్టి, మట్టి గట్టిగా అతుక్కుపోయి ఉంది. పోయిన నెల మార్చిన ఫిల్టర్ అలా ఉండదు. ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేశారన్నమాట. దాన్ని ఊడదీశాక, పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో అని వేలితో తడిమి చూశాను. పాతదాని మీద కొత్తది బిగిస్తే ఆయిలంతా బయటికి తన్నేస్తుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాను. 15డబ్ల్యూ-40 ఆయిల్, డిప్‌స్టిక్ చూసుకుంటూ కొంచెం కొంచెం పోశాను. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నాడు బావ. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోకు ఆయిల్ అందకముందే రేజ్ చేస్తే దాని బేరింగులు అరిగిపోతాయట.

తర్వాత వెనక హౌసింగ్, అంటే వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుల్ల. నేను పానా తీసుకుని కింద బోల్టు మీద పెట్టానో లేదో, బావ నా భుజం పట్టుకున్నాడు.

"ముందు పై బోల్టు కదుల్తుందో లేదో చూడు. కిందిది ఊడదీసి ఆయిలంతా వదిలేసినాక పైది రాకపోతే ఏం జేస్తావ్? ఆయిలూ పోయలేవు, బండీ కదల్చలేవు."

ఈ మాట నాకు తోచనే లేదు. ఇంత చిన్న సంగతి తెలియక ఎంతమంది ఇరుక్కుని ఉంటారో. నిజంగానే పైది రాలేదు. వైరు బ్రష్‌తో చుట్టూ గీకి, డీజిల్ పోసి, అరగంట వదిలేశాం. ఈలోగా నా భార్య ఉగ్గాని తెచ్చింది, చేతులకు పేపరు చుట్టుకుని తిన్నాం. ఆ తర్వాత పానాకు పైపు తొడిగి ఇద్దరం లాగితే టక్‌మని కదిలింది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది.

కింద బోల్టు తీశాక వచ్చినదాన్ని చూసి ఇద్దరం మాట్లాడలేదు. గేర్ ఆయిల్‌కు గంధకం వాసన మామూలే, అది కాదు. రంగు బూడిద కలిపిన మజ్జిగలా ఉంది. బోల్టు అయస్కాంతానికి సన్నటి ఇనుప రజను గుజ్జులా అంటుకుంది. దాన్ని బట్టమీద తుడిచి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాం. పెచ్చులు గానీ, పంటి ముక్కలు గానీ లేవు. రజను పర్వాలేదు, ముక్కలుంటే పళ్ళు విరుగుతున్నట్టు. నీళ్ళు ఎక్కడివని వెతికితే, ఇరుసు పైన లోపలి గాలి ఆడేందుకుండే బ్రీదర్ మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఈ బండి ఏదో వంక దాటుతూ బతికినట్టుంది. పరుగు మీద కాగిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోతే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. బ్రీదర్ ఊడదీసి, డీజిల్‌లో కడిగి, నోటితో ఊది పెట్టాను. కొత్త ఆయిల్ పై రంధ్రంలోంచి కారేదాకా పోసి బిగించాం. లోపల మిగిలిన తడి పూర్తిగా పోవాలంటే 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చాలి. ఖర్చే, కానీ లోపలి పెద్ద పళ్ళ చక్రం, క్రౌన్, పోతే అయ్యే ఖర్చు ముందు ఇదెంత.

నాయన అరుగు మీద నుంచి అంతా చూస్తున్నాడు. ఎద్దుల బండి కింద కందెన గొట్టం వేలాడేదట. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి తనే చేసుకునేవాడట. "ఇరుసు కీచుమంటే చాలు, మీ అవ్వ ఇంట్లోంచే అరిచేది, కందెన పెట్టలేదా అని" అన్నాడు. నేను కింద పడుకునే విన్నాను. అవ్వ మాట ఆయన నోట వచ్చి చాలా రోజులైంది.

రేడియేటర్‌లో ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటే లేదు, ఇటుక రంగు నీళ్ళు. ఉప్పు బోరు నీళ్ళు పోస్తూ వచ్చినట్టున్నారు. బిందె అడుగున కట్టే తెల్లటి పొర లోపలా కట్టుకుంటుంది. శుభ్రమైన నీళ్ళు వచ్చేదాకా నాలుగుసార్లు పోసి వదిలాం. చివరికి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మూత తీసే ఉంచి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాం. రెండు చుక్కలు ఒలికితే వెంటనే మట్టి కప్పి ఎత్తి పారేశాను. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పక్కనే దూడ కట్టేసి ఉంది.

గేర్‌బాక్స్, స్టీరింగ్ ఆయిల్ ఇబ్బంది పెట్టలేదు. డీజిల్ ఫిల్టర్ కింది స్క్రూ వదిలితే అరగ్లాసు నీళ్ళు వచ్చాయి.

ఇక బ్రేక్ ఆయిల్. డబ్బాలో చూస్తే డికాక్షన్ రంగు. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే 140కే మరిగే స్థితికి వస్తుంది. ఘాట్‌లో బ్రేకు మీద బ్రేకు వేస్తూ దిగేటప్పుడు అది మరిగి ఆవిరి చేరితే పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఇవాళే మార్చేద్దామనుకున్నాం. బావ పెడల్ దగ్గర కూర్చున్నాడు కూడా. కానీ వెనక ఎడమ చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ తుప్పుతో బిగుసుకుపోయింది. బలం పెడితే విరిగేలా ఉంది. వదిలేశాను. మిగతా వాటి మీద ప్రయోగాలు చేస్తాను గానీ, బ్రేకుల మీద చేయను. అది మారేదాకా ఈ బండిలో ఒక్క క్రేటు కూడా ఎక్కదు.

తీసిన ఆయిలంతా క్యాన్లలో పోసి పెట్టాను, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇస్తాను. చెదలకు గుమ్మాలకు రాయొచ్చని నాయన ఒక సీసా అడిగాడు. పశువులు నాకుతాయని వద్దన్నాను.

నోటుబుక్కు మొదటి పేజీలో రాసిన లెక్క: 1,12,652 కిలోమీటర్లు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, గేర్‌బాక్స్, హౌసింగ్, కూలెంట్, స్టీరింగ్. బ్రేక్ ఎదురుగా ఖాళీ.

సాయంత్రం బండి కింద అట్టలు పరిచి వచ్చాను. ఇందాక టార్చి వేసి చూశాను. ఇంజిన్ కింద పొడిగా ఉంది. హౌసింగ్ కింద ఒకే చుక్క, పై బోల్టు పక్క నుంచి జారినట్టుంది. తుడిచి వచ్చాను. పొద్దున మళ్ళీ చూసి, ఖాళీ బండితో నిదానంగా మదనపల్లెలో మెకానిక్ దగ్గరికి పోవాలి.