హార్వర్డ్ ఆంక్షలు: గురి ఒకరికి, దెబ్బ మరొకరికి

అమెరికాలో సోరోరిటీలు, అంటే సభ్యులను తామే ఎంచుకునే విద్యార్థినుల సంఘాలు, మంచివా కావా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది హార్వర్డ్ ఉదంతమే.

అక్కడి ఫైనల్ క్లబ్బులు, అంటే సభ్యులను తామే ఎంచుకునే విద్యార్థుల ప్రైవేటు క్లబ్బులు, చాలాకాలం పూర్తిగా మగవారి కోటలు. వాటిలో పోర్సెలియన్ 1791 నాటిది. స్త్రీలను చేర్చుకోవడానికి ఒప్పుకోనందున 1984లోనే విశ్వవిద్యాలయంతో వాటికి సంబంధం తెగిపోయింది, అయినా సొంత భవనాలూ పూర్వ సభ్యుల ధనబలమూ ఉండటంతో వాటికి లోటేమీ కలగలేదు. వారాంతపు పార్టీకి ఎవరిని రానివ్వాలో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలో తేల్చేది ఆ కుర్రవాళ్లే. దేశవ్యాప్త సోరోరిటీలు ఇళ్లున్న చోట సైతం వాటిలో మద్యాన్ని తామే నిషేధించుకున్నాయి కనుక, అమ్మాయిలు పార్టీ కోసం మగవారి గడప తొక్కక తప్పదు. అసలు పెత్తనం ఇక్కడుంది.

2016 మేలో హార్వర్డ్ ఆంక్షలు ప్రకటించింది. 2017లో చేరే విద్యార్థులు మొదలుకొని, స్త్రీలకో పురుషులకో మాత్రమే పరిమితమైన సంఘాల్లో చేరినవారు గుర్తింపు పొందిన విద్యార్థి సంఘాలకు నాయకత్వం వహించరాదు, క్రీడా జట్లకు కెప్టెన్లు కారాదు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు ఇచ్చే రోడ్స్ వంటి స్కాలర్‌షిప్‌లకు కళాశాల సిఫారసు పొందరాదు. ఆ ముందు వెలువడిన లైంగిక దాడుల నివేదిక వేలెత్తి చూపింది మగవారి క్లబ్బుల వైపే. కాని 2018లో మూతపడినవీ, పేరు మార్చుకొని అందరికీ తలుపు తెరిచినవీ నాలుగు సోరోరిటీ శాఖలు; పోర్సెలియన్ మాత్రం చెక్కుచెదరలేదు.

అదే ఏడాది డిసెంబరులో కప్పా ఆల్ఫా థీటా, కప్పా కప్పా గామా అనే సోరోరిటీల జాతీయ సంస్థలు కోర్టుకెక్కాయి. స్వలింగ సంపర్కులనో ట్రాన్స్‌జెండర్లనో ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేయడం లింగ వివక్షేనని 2020 జూన్‌లో బోస్టాక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఈ ఆంక్షలు లింగ వివక్ష కిందికే వచ్చేలా ఉన్నాయని గ్రహించి, అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ బాకో వాటిని ఉపసంహరించారు.

సోరోరిటీలను వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. దరఖాస్తుదారుల్లో అత్యధికులను తిప్పి పంపే చోట సీటు తెచ్చుకున్న అమ్మాయిని, కొన్ని నిమిషాల ముచ్చట్లతో మళ్లీ జల్లెడ పట్టే ‘రష్’ అనే సోరోరిటీ ఎంపిక పద్ధతి నాకు ఏనాడూ రుచించలేదు. అయినా హార్వర్డ్ అడగవలసిన ప్రశ్న సభ్యత్వం గురించి కాదు, అర్ధరాత్రి దాటాక అందరికీ తెరిచి ఉండే చోటు విశ్వవిద్యాలయం తానెందుకు కల్పించలేదన్నది.