లెక్కల పుస్తకం చూపినందుకు పన్ను

ఫ్రాన్సులో యెహోవాసాక్షులనే క్రైస్తవ వర్గపు సంఘానికి 1998లో వచ్చిన పన్ను డిమాండు సుమారు 4.5 కోట్ల యూరోలు, అందులో దాదాపు సగం జరిమానాలూ వడ్డీలే. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా నా ఆలోచన ఆ పన్ను పుట్టిన తీరు దగ్గరే ఆగిపోతుంది.

దస్తావేజు లేకుండా చేతికిచ్చిన కానుకను పుచ్చుకున్నవారు పన్ను శాఖకు 'వెల్లడిస్తే' దానిపై పన్ను పడుతుందని అక్కడి చట్టం చెబుతుంది. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ బంధుత్వం లేనప్పుడు ఆ రేటు 60 శాతం. 1995లో పార్లమెంటు విచారణ సంఘం యెహోవాసాక్షులను అనుమానించదగిన మతవర్గాల ('సెక్ట్'ల) జాబితాలో చేర్చింది, ఆ కాలంలోనే పన్ను తనిఖీ మొదలైంది. అధికారులు అడిగితే సంఘం తన ఖాతా పుస్తకాలు చూపింది. ఆ చూపడమే వెల్లడించడమని తేల్చి, 1993 నుంచి 1996 దాకా భక్తులిచ్చిన కానుకలన్నిటికీ పన్ను కట్టమన్నారు. పుస్తకాలు దాచి ఉంటే అది మరో నేరమయ్యేది కదా!

ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం 2004లో సంఘం అప్పీలును తోసిపుచ్చింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మాత్రం 2011 జూన్ 30న, కానుకలే ఆధారమైన సంఘానికి ఆ ఆధారాన్ని తెంచివేయడమంటే సభ్యుల ఆరాధనలో జోక్యం చేసుకోవడమేననీ, తనిఖీలో పుస్తకాలు చూపడం వెల్లడి కిందికి వస్తుందని ముందుగా ఊహించే వీలు ఆ చట్టంలో లేదనీ చెప్పి, మతస్వేచ్ఛకు భంగం కలిగిందని తీర్పిచ్చింది. అప్పటికే సంఘం నుంచి వసూలైన 45,90,295 యూరోలు తిరిగి ఇమ్మని మరుసటి ఏడాది ఫ్రాన్సును ఆదేశించింది.

తీర్పు సరైనదే గాని, ఇరుకైనది. ఒక మతాన్ని వేరుచేసి చూశారా అన్న ప్రశ్నను ఈ తీర్పు తేల్చలేదు. మత సంస్థలకు ఏ పన్నూ ఉండకూడదని నేను అనను. కాని స్పష్టమైన మాటలతో రాసిన చట్టం ఇదే పని చేస్తే అప్పుడు ఏమంటారో ఈ తీర్పు చెప్పదు.

మన దేశంలో ఉడుపిలోని శిరూరు మఠం కేసులోనూ ఇలాంటి ఇరుకే కనిపిస్తుంది. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు వచ్చిన 1951 నాటి దేవాదాయ చట్టం, మత సంస్థల ఆదాయంలో 5 శాతం దాకా వసూలుకు వీలిచ్చింది. 1954లో సుప్రీంకోర్టు ఆ వసూలును కొట్టివేసింది; అయితే ఏదైనా ఒక మతాన్ని పెంపొందించడానికి పన్ను వసూలు చేయడాన్ని నిషేధించే రాజ్యాంగం 27వ అధికరణకు అది విరుద్ధం కాదంటూనే, అది రుసుము (చేసిన సేవకు తీసుకునే మొత్తం) కాదు పన్ను అనీ, దాన్ని విధించే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదనీ చెప్పింది.