క్వాలిటీ నుంచి ప్లాంట్ హెడ్ కుర్చీకి: నా అనుభవం

ఆహార పదార్థాలు ప్యాక్ చేసే ప్లాంట్‌లో క్వాలిటీలో ఉన్నన్నాళ్లూ ఒకటే ప్రశ్న: ఈ బ్యాచ్ పంపొచ్చా, ఆపాలా? ప్లాంట్ హెడ్ అయ్యాక అదే బ్యాచ్‌కి కిలోల్లో లెక్క చెప్పాల్సి వచ్చింది. కొత్త కుర్చీలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది తూకం.

ప్యాకెట్లు నింపే మెషిన్, అంటే ఫిల్లర్ దగ్గర మొదలుపెట్టాను. అర కిలో ప్యాకెట్‌లో సగటున 4 గ్రాములు ఎక్కువ పడుతోందనుకోండి. నిమిషానికి 60 ప్యాకెట్ల లైను మీద 8 గంటల షిఫ్టుకి 28,800 ప్యాకెట్లు, అంటే 115 కిలోలు ఊరికే ఇచ్చేసినట్టు. తూకం తగ్గితే అందరూ అరుస్తారు, పెరిగితే ఎవరికీ పట్టదు. అలాగని సెట్ పాయింట్ (మెషిన్‌లో పెట్టే తూకం) దించమని ఆర్డరేస్తే మర్నాడే తక్కువ తూకం ప్యాకెట్లు మొదలవుతాయి. ముందు హెచ్చుతగ్గులు అదుపులోకి రావాలి. పొడి సరుకైతే హాపర్ (ఫిల్లర్ పైనుండే సరుకు తొట్టి) నిండుగా ఉన్నప్పుడు ఒక బరువు, అడుగంటినప్పుడు ఇంకో బరువు పడుతుంది. అందుకే మట్టం నిలకడగా ఉండేలా ఫీడ్ సరిచేసి, పొడిని కిందికి తోసే మరలాంటి ఆగర్ అరుగుదల చూసి, ఆ తర్వాతే అర గ్రాము చొప్పున దించాలి. కొత్త చెక్‌వెయ్యర్ (లైను మీద ప్రతి ప్యాకెట్‌నీ తూచే మెషిన్) కావాలని ఫైనాన్స్‌ని అడిగేటప్పుడు కూడా ఈ 115 కిలోల్నీ సరుకు ధరతో గుణించి ముందు పెట్టండి. ఖచ్చితత్వం గురించి ఉపన్యాసం అక్కడ నడవదు.

మెటల్ డిటెక్టర్ పరీక్ష ఎంతసేపటికోసారి అన్నదీ డబ్బు లెక్కే. పరీక్ష కోసం పంపే లోహపు ముక్కని (టెస్ట్ పీస్) పట్టుకోలేదంటే, కిందటి మంచి పరీక్ష నుంచి వచ్చిన సరుకంతా ఆపి, సరైన డిటెక్టర్ గుండా మళ్లీ పంపాలి. గంటకోసారి చూస్తే 3,600 ప్యాకెట్లు, నాలుగు గంటలకోసారైతే 14,400.

అసలు పరీక్ష మాక్ రీకాల్, అంటే అమ్మిన సరుకు వెనక్కి రప్పించాల్సి వస్తే ఎలాగో చూసే రిహార్సల్. గోడౌన్‌లోంచి ఒక ప్యాకెట్ తీసి బ్యాచ్ నంబర్ ఇచ్చి, నాలుగు గంటల గడువు పెడతాను. ముడిసరుకు ఏ లాట్, ఫిల్మ్ ఏ రోల్, ఏ లారీలో ఎవరికి వెళ్లింది, అన్నీ రావాలి. కాగితాలు దొరుకుతాయి. తేలనిది బరువు. 2,000 కిలోల పొడి ఇష్యూ అయింది, ప్యాకెట్లలో 1,958, శాంపిళ్లు 6, నేల ఊడ్చింది 11, రిజెక్టులు 9. మిగతా 16 కిలోలేవి?

అనుమానించాల్సింది రీవర్క్‌ని. సీలు సరిగ్గా పడని ప్యాకెట్లు చించి, పొడిని తర్వాతి బ్యాచ్‌లో పోసేస్తారు, రాయరు. అది పాలపొడి కలిసిన రకమై, పోసింది పాలు లేని రకంలోనైతే, తూకం తేడా కాస్తా అలెర్జెన్ రీకాల్ (అలర్జీ తెప్పించే పదార్థం కలిసినందుకు సరుకు వెనక్కి రప్పించడం) అవుతుంది. అప్పుడు ఒక బ్యాచ్‌తో పోదు, ఆ రీవర్క్ పొడి ఉంచిన డబ్బా తాకినవన్నీ వెనక్కి రావాల్సిందే.

అందుకే రీవర్క్ డబ్బాలు రకానికొకటి, రంగు వేరు. రిజిస్టర్ డబ్బా పక్కనే వేలాడాలి, సూపర్‌వైజర్ బల్ల మీద కాదు. షిఫ్టు చివర డబ్బా తూకమూ రిజిస్టర్‌లో మిగులూ కలవకపోతే, ఆ షిఫ్టు సరుకు గోడౌన్ దాటదు.