భవానీపురం నుంచి ఫెర్రీ దాకా: కృష్ణలో మా పాత లాంచీ

కర్ర పడవని బాగుచేసి షెడ్డులో దాచుకుంటే నిలవదు. పలకలు ఎండి కుంచించుకుపోతాయి, సందులు విచ్చుకుంటాయి, కప్పులోంచి కారిన వాన నీరు లోపలి మూలల్లో నిలిచి కర్రను మెత్తబరుస్తుంది. దాని ఆరోగ్యమంతా నీళ్లలో ఉండి తిరగడంలోనే ఉంది. అందుకే మా పాత లాంచీని బాగుచేసే పని పూర్తయ్యాక ఊరికే ఘాటు ముందు రెండు చుట్లు తిప్పి ఆపడం నాకిష్టం లేకపోయింది. డిసెంబరులో, వరద రోజులు పోయి నది నెమ్మదించాక, భవానీపురం నుంచి ఎగువన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దాకా పోయి రావాలని బయల్దేరాం. నేను, మా అబ్బాయి, పడవ నడపడానికి నరసాపురం నుంచి వచ్చిన సరంగు బాబాయ్.

ముందు లాంచీ గురించి చెప్పాలి. పద్దెనిమిది అడుగుల టేకు పడవ. కాకినాడ దగ్గర తాళ్లరేవులో కట్టింది, ఒకప్పుడు కాలవల మీద తనిఖీకి తిరిగిందని పాత యజమాని చెప్పారు. లోపలి వంపు కర్రలు నల్లతుమ్మ. సహజంగా వంగి పెరిగిన కొమ్మనే ఏరి కోస్తారు కాబట్టి ఆ వంపులో చీలిక రాదు. టేకు చాలావరకు బాగానే ఉంది. చెడిందంతా ఇనుప మేకుల చుట్టూనే. మేకు తుప్పు పట్టి ఉబ్బితే చుట్టూ కర్ర నల్లబడి పొడి అయిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోతే ఎక్కడ దిగబడుతుందో అక్కడ మార్చాల్సిందే. తాళ్లరేవు నుంచే వడ్రంగిని పిలిపించాం. ఆయన చెడిన పలకలు తీసి కొత్తవి వేసి, ఇనుప మేకుల చోట రాగివి కొట్టాడు. సందుల్లో నూలు కుక్కి, గుగ్గిలం నూనెలో మరగబెట్టి పూశాడు. బజార్లో మంచి సీలెంట్లు దొరుకుతాయి, నిజమే. కానీ పలక నీటికి ఉబ్బినప్పుడు దాంతోపాటే నొక్కుకునే నూలు మీదే నాకు నమ్మకం.

తాళ్లరేవు నుంచి విజయవాడకు లాంచీ లారీ మీద వచ్చింది. నాకు అదొక్కటే బాధ. గోదావరి కాలవల్లోంచి ఏలూరు, అక్కణ్ణుంచి ఏలూరు కాలవలో బెజవాడ, కృష్ణ దాటి సీతానగరం వైపు నుంచి కొమ్మమూరు కాలవ, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవ, అలా మద్రాసు దాకా పడవలు పోయిన దారి ఇది. ఇప్పుడు కాలవల మీద తక్కువ ఎత్తు వంతెనలు, పనిచేయని లాకులు. 2008లో ఈ కాలవలన్నిటినీ కృష్ణా, గోదావరి నదుల్లో కొంత భాగంతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అది పూర్తిగా తెరుచుకుంటే పడవలు పుట్టిన ఊళ్లకి అవే నడిచిపోతాయి.

ఇంజిను మన రైతులకు బాగా తెలిసిందే. కిర్లోస్కర్ ఏవీ-1, ఒకే సిలిండరు, 5 హెచ్‌పీ, నిమిషానికి 1500 తిరుగుళ్లు. పొలంలో నీళ్లు తోడిన ఇంజిన్నే వెనక గేర్‌బాక్సు కలిపి పడవకు వాడుకోవడం మామూలే. ఆటోనగర్‌లో సిలిండరు బోరు కొట్టించి, పిస్టన్ రింగులు మార్పించి, డీజిల్ చిమ్మే నాజిల్ సరిచేయించాం. సిలిండరులో ఒత్తిడి తగ్గించే డీకంప్రెషన్ లీవరు పైకెత్తి హ్యాండిల్ తిప్పాలి. ఫ్లైవీలు ఊపందుకున్నాక లీవరు వదలాలి. మా అబ్బాయికి ఇదంటే మహా సరదా. పడవ చిన్నది, ఇంకా పెద్ద ఇంజిను పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. లాభం లేదు. నీటిని తోసుకుంటూ పోయే పడవకు వేగం దాని పొడవును బట్టి ఉంటుంది. నీటి గీత దగ్గర పదహారు అడుగులున్న పడవ గంటకు పది కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన డీజిలంతా అలలు లేపడానికే పోతుంది.

ఇంజిను నుంచి వెనక పంకాకు పోయే షాఫ్టు తిన్నగా ఉందో లేదో మాత్రం పడవని నీళ్లలోకి దింపి, కర్ర బాగా నానాకే చూడాలి. ఒడ్డున స్టాండ్ల మీద ఉన్నప్పటి ఆకారం నీళ్లలో ఉండదు. మొదటిరోజు సందుల్లోంచి నీళ్లు ఉబుకుతుంటే నాకు టెన్షన్. "కంగారు పడకండి బాబూ, ఇది కారడం కాదండి, తాగడం. కడుపు నిండాక అదే మానేస్తాది" అన్నాడు బాబాయ్. అలాగే మానేసింది. ఆ తర్వాత గేర్‌బాక్సు, షాఫ్టు కలిసే చోట ఉన్న రెండు ఫ్లాంజిల (గుండ్రటి బిళ్లల) మధ్య, సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టి నాలుగు వైపులా చూశాం. నాలుగు అంగుళాల ఫ్లాంజికి నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు) కన్నా తేడా ఉండకూడదు. ఇంజిను కాళ్ల కింద రేకులు వేస్తూ తీస్తూ సరిచేశాం. షాఫ్టు బయటికి పోయే చోట నీటిని ఆపే బిగింపు, అంటే గ్లాండ్, కొద్దిగా వదులుగా, చుక్క చుక్క నీరు వచ్చేటట్టు ఉంచాం. అస్సలు రాకుండా బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరిగిపోతుంది.

పొద్దున్నే రేవు వదిలేటప్పుడు మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. రోడ్డు మీద నుంచి ఇంద్రకీలాద్రిని రోజూ చూస్తాం, కానీ కొండ నదిలోకి ఎంత దగ్గరగా దిగిందో నీళ్ల మీద నుంచే తెలుస్తుంది. విజయదశమి నాడు అమ్మవారి హంసవాహనం తిరిగేది ఆ దిగువ ఘాటు ముందే. వరద ఎక్కువైతే ఒడ్డునే ఉంచి పూజ చేస్తారు. బ్యారేజీ వైపు తిరగనే లేదు. 1957లో తెరిచిన డెబ్బై గేట్ల ప్రకాశం బ్యారేజీని 2024 సెప్టెంబరులో అందరం చూశాం. 11.43 లక్షల క్యూసెక్కుల వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్ది, వాటిని ఎత్తే కాంక్రీటు బరువులనే విరగ్గొట్టాయి. కట్టు తెగిన పడవ ఎంత పని చేస్తుందో చూశాక మా లంగరు తాడు రెండింతలు లావుది కొన్నాను.

భవానీ ద్వీపం దాటేదాకా టూరిస్టు బోట్లు. 133 ఎకరాల ఆ లంక వెనక పాయలోకి తిరిగితే చప్పుడంతా పోయింది, మా కిర్లోస్కర్ ఒక్కటే. నీటికోళ్లు ఇంజిను శబ్దానికి లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. గుంటూరు వైపు ఉండవల్లి కొండ వెనకపడింది. గొల్లపూడి దాటాక దాదాపు మూడు కిలోమీటర్ల కొత్త బైపాస్ వంతెన. దాని కింద నుంచి పోతుంటే ఒక్కో స్తంభం దగ్గర నీరు చిన్న సుడి తిరుగుతోంది. బాబాయ్ మధ్య ఖానాలోంచి తీసుకెళ్లాడు.

గుంటుపల్లి ఎదురుగా ఇంజిను గొంతు మారింది. చేయి పెడితే సిలిండరు బాగా వేడిగా ఉంది, ఇంజినును చల్లబరిచి బయటికి పోవాల్సిన నీళ్లు వెనక గొట్టంలోంచి రావడం లేదు. గుర్రపుడెక్క. దాని వేళ్లు ఊడి, నదిలోంచి నీళ్లు తోడే గొట్టం మూతి జాలీకి చాపలా చుట్టుకున్నాయి. ఇంజిను ఆపేసి గెడకర్రతో పడవని లోతు తక్కువ చోటికి తోసుకున్నాం. గెడ ఒకచోట సగం కూడా మునగలేదు, మూడు బారల అవతల అసలు అందలేదు. ఇసుక తవ్విన గుంతలవి. మా అబ్బాయి జాలీ విప్పి శుభ్రం చేశాడు, ఇంజిను చల్లారేదాకా ఆగాం. వేడి మీద చల్లటి నీళ్లు తోడితే సిలిండర్ హెడ్ పగులుతుంది. ఆ కాసేపూ కొండపల్లి కొండలు, వాటి ముందు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూస్తూ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. దక్షిణ ఒడ్డున వెంకటపాలెం నుంచి ఉద్దండరాయునిపాలెం దాకా రాజధాని పల్లెలు. కరకట్ట మీద కారులో పోతే ఆ ఊళ్లు బోర్డులే. నదిలోంచి చూస్తే ప్రతి ఊరికీ తన రేవు, తన చెట్టు, బట్టలుతికే రాయి కనిపిస్తాయి. ఆ ఊళ్లు నది వైపు ముఖం పెట్టి కట్టినవని నాకు ఆ రోజే అర్థమైంది.

ఫెర్రీ చేరేసరికి మధ్యాహ్నం. వానాకాలంలో పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు ఇది, పవిత్ర సంగమం. 2017 నవంబరు 12న ఇక్కడే పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. మేం ముగ్గురం భవానీపురంలో వేసుకున్న లైఫ్ జాకెట్లు ఒడ్డున కాలు పెట్టేదాకా విప్పలేదు. ఉక్కగా ఉంటుందని, ఫొటోల్లో బాగోదని జాకెట్టు పక్కన పడేసేవాళ్లని ఘాటులో చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సొంత పడవ కొనాలనుకునేవాళ్లు రంగుల కన్నా ముందు జాకెట్లు కొనండి. 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి. సర్వేకి వచ్చినవాళ్లు అడుగు పలకల దగ్గర్నుంచి చూస్తారు, మీ పడవ గురించి మీకే కొత్త సంగతులు తెలుస్తాయి.

తిరుగు ప్రయాణం వాలుకు కాబట్టి సులువుగా సాగింది. బాబాయ్ చుక్కాని మా అబ్బాయి చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. చీకటి పడకముందే రేవు చేరాం. పడవ అడుగున గ్లాండ్ నుంచి వచ్చిన కాసిని నీళ్లు తప్ప పలకల సందుల్లో తడి లేదు.

తర్వాత అమరావతి. వైకుంఠపురం దాటాక నీరు పలచబడుతుంది. మా లాంచీకి రెండడుగుల లోతు కావాలి, కాబట్టి గెడతో చూసుకుంటూ పోవాల్సిందే. సంక్రాంతికి ఊరెళ్లి బాబాయ్ తిరిగొచ్చాక బయల్దేరతాం. ఈలోగా జాలీ పెట్టె పెద్దది, మూత చేత్తోనే తెరుచుకునేది ఒకటి చేయమని ఆటోనగర్‌లో కొలతలు ఇచ్చి వచ్చాను.