హోటల్‌లో ఊనిక ఎక్కడ? ఒక పైథాన్ అభ్యాసంతో నా అనుభవం

బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీలో ఉంటూ సాయంకాలం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తరగతులకు వెళ్తున్నప్పుడు, మూడో వారంలో మాకొక అభ్యాసం ఇచ్చారు. ఇంగ్లిషు మాట ఏదైనా ఇస్తే, దాన్ని పలికేటప్పుడు ఏ ధ్వని మీద ఊనిక (నొక్కి పలకడం, ఇంగ్లిషులో స్ట్రెస్) పడుతుందో ప్రోగ్రామ్ చెప్పాలి. ఆధారంగా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ఉచ్చారణ నిఘంటువు ఫైలు ఇచ్చారు. అమెరికా ఉచ్చారణను 39 ధ్వనులతో రాసిన ఆ ఫైలులో 1,30,000కు పైగా పదాలున్నాయి; ఒక్కో వరుసలో ముందు పదం, తరువాత దాని ధ్వనులు ఉంటాయి. అచ్చుల చివర మాత్రం ఒక అంకె ఉంటుంది: ప్రధానమైన ఊనికకు 1, రెండో స్థాయి ఊనికకు 2, ఊనిక లేకపోతే 0.

వరుసను విడగొట్టి, ముక్కల్లోని ఒక్కో అక్షరాన్ని 1తో పోల్చి, ఏ ముక్కలో 1 ఉందో చూస్తే చాలుననుకున్నాను. ప్రోగ్రామ్ నడిచింది, తప్పేమీ చూపలేదు, కానీ ఏ పదానికైనా ఖాళీ జాబితానే వచ్చింది. రెండు గంటలు వెతికినా కారణం దొరకలేదు. చివరికి నా గదిలోనే ఉండే కడప అక్కకు చూపించాను. ఆమె ఒక్క వరుస చదివి, "ఫైలులోంచి వచ్చిన ఒకటి అంకె కాదమ్మా, అక్షరం. నువ్వు దాన్ని అంకెతో పోలుస్తున్నావు, రెండూ ఎప్పటికీ సమానం కావు" అన్నది. ఆ 1కి కొటేషన్ గుర్తులు పెట్టగానే జవాబులు రావడం మొదలైంది.

అప్పుడు "హోటల్" అనే పదం ఇచ్చి చూశాను. ఊనిక "హో" మీద ఉంటుందనుకున్నాను; ప్రోగ్రామ్ మాత్రం రెండో అచ్చును, అంటే "టె"లోని ఎకారాన్ని చూపింది. మళ్ళీ తప్పు చేశానేమోనని ఫైలు తెరిచి చూస్తే, మొదటి అచ్చు పక్కన నిజంగానే 0 ఉంది. బడిలో గురువు, లఘువు గుర్తించడం నేర్చుకున్న చెవి నాది కాబట్టి, దీర్ఘం ఉన్నచోటే బలం ఉంటుందని నాకు తెలియకుండానే అనుకున్నాను. "ఫోటోగ్రాఫర్" అని మనం రాస్తే నాలుగూ గురువులే. ఇంగ్లిషులో మాత్రం ప్రధానమైన ఊనిక రెండో అచ్చు మీదే. ఆ సాయంకాలం ఆ పదాన్ని పైకి పలుకుతూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గురువు మాత్రల కాలానికి సంబంధించినదనీ, ఊనిక గొంతు బలానికీ స్థాయికీ కూడా సంబంధించినదనీ నాకు అప్పుడే తెలిసివచ్చింది.

"రికార్డ్" దగ్గర మరో చిక్కు వచ్చింది. క్రియగా రెండో అచ్చు మీద, నామవాచకంగా మొదటి అచ్చు మీద ఊనిక పడే పదమది. మాకిచ్చిన ఫైలులో రెండో ఉచ్చారణకు పదం పక్కనే కుండలీకరణాల్లో 1 అని రాసి ఉంది. నేను "ముక్కలో ఎక్కడైనా 1 ఉందా" అని వెతుకుతున్నందువల్ల ఆ పదాన్నే ఊనిక ఉన్న ధ్వనిగా చూపింది. మొదటి ముక్కను వదిలేసి, మిగిలినవాటి చివరి అక్షరాన్ని మాత్రమే చూసేలా మార్చాను. అభ్యాసం ఒకే జవాబు అడిగినా, వాక్యం తెలియకుండా రెండింటిలో ఒకదాన్ని ఎంచడం న్యాయం కాదనిపించి, ఉచ్చారణకు ఒకటి చొప్పున అన్ని జవాబులూ ఇచ్చేలా రాసి, ఎందుకలా చేశానో పైన రెండు వాక్యాల వివరణ పెట్టి పంపాను.