ఎర్ర గీతను కాదు, పేకను చూడండి

జీన్స్ కాలు కింద ఒక మడత పైకి తిప్పితే, సైడ్ కుట్టు వెంట తెల్లటి సన్న పట్టీ, అందులో ఒక ఎర్ర గీత. ఇది సెల్వెడ్జ్ డెనిమ్ (మగ్గం మీదే అంచు మూసుకున్న గుడ్డ) అని నమ్మడానికి చాలామందికి అంతే చాలు. అందుకే ఆ పట్టీని విడిగా తెచ్చి కుట్టి అమ్మడం కూడా ఉంది. గీత ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా అన్నది పక్కన పెట్టండి. పేక, అంటే గుడ్డకు అడ్డంగా పోయే దారం, అంచు దాకా వచ్చి అక్కడ ఏం చేస్తోంది? తేల్చుకోవాల్సింది అదొక్కటే.

నాడె (షటిల్) మగ్గంలో పేక కండె నాడెలోనే ఉంటుంది. నాడె ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్ళి, తెగని అదే దారంతో తిరిగి వస్తుంది. ప్రతి రాకపోకలోనూ చివరి పడుగు (నిలువు) పోగును చుట్టుకుని వెనక్కి మళ్ళుతుంది. అలా అంచు తనంతట తానే మూసుకుపోతుంది. ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా చుట్టే కుట్టు) లేకపోయినా పోగులు ఊడిరావు. డెనిమ్‌లో నీలి రంగు పడేది పడుగుకే. అంచు దగ్గరి కొన్ని పడుగు పోగులకు ఆ రంగు వేయరు కాబట్టి పట్టీ తెల్లగా కనిపిస్తుంది. అందులో ఒకటో రెండో రంగు పోగులు కలిపితే ఏ గుడ్డ ఏదో గుర్తుపట్టడం తేలిక. ఎర్ర గీతకు ఇంత పేరు వచ్చింది డెనిమ్ నేసే కోన్ మిల్స్ వాళ్ళు లీవైస్ కోసం నేసిన గుడ్డతో.

ఈ మగ్గాల మీద గుడ్డ వెడల్పు సుమారు 28 నుంచి 32 అంగుళాలే. నాడె లేని రేపియర్, ప్రొజెక్టైల్, ఎయిర్‌జెట్ మగ్గాలు 60 అంగుళాలు, అంతకు మించి నేస్తాయి. కానీ వాటిలో ప్రతి పేకనూ అంచు దగ్గర కత్తిరిస్తారు. కాబట్టి అంచు కుచ్చులా మిగులుతుంది. దాన్ని కోసేయాలి, లేదా ఓవర్‌లాక్‌లో దాచాలి.

నకిలీని పట్టుకునే మొదటి దారి కత్తిరింపులోనే దొరుకుతుంది. మగ్గం అంచు తిన్నగానే ఉంటుంది, దాన్ని వంపు తిప్పలేం. జీన్స్‌కి ముందు భాగాలు రెండు, వెనక భాగాలు రెండు. నాలుగింటిలోనూ సైడ్ కుట్టు వైపు, గుడ్డ అంచు మీదే పడాలి. గుడ్డకు ఉన్న అంచులు రెండే కాబట్టి వెడల్పులో రెండు భాగాలే పడతాయి. వెడల్పు గుడ్డలో గజంన్నరతో అయ్యే జీన్స్‌కి ఇక్కడ దాదాపు మూడు గజాలు పడుతుంది. కాలు కిందికి సన్నబడాలంటే ఆ తగ్గింపంతా కాళ్ళ మధ్య కుట్టు వైపే తీయాలి. జీన్స్‌ను బల్ల మీద పరిచి చూడండి. మోకాలి దగ్గర సైడ్ కుట్టు లోపలికి వంగి, తెల్ల పట్టీ కూడా ఆ వంపుతోపాటే తిరిగితే అది మగ్గం అంచు కాదు. ఒక్క జాగ్రత్త: తుంటి దగ్గర వంపు సహజం. అక్కడ అంచు ఆగిపోయి ఓవర్‌లాక్ మొదలైతే దాన్ని తప్పుపట్టకండి.

రెండో దారి, కాలిని పూర్తిగా లోపలి పక్కకు తిప్పడం. కొన్నింటిలో పట్టీ కింది 10, 15 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది, అంటే మడిచి చూపించేంత మేరకే. మరికొన్నింట్లో ఓవర్‌లాక్ వేసిన అంచు మీద తెల్ల టేపు కుట్టి ఉంటుంది. గోటితో టేపును కొంచెం లేపితే కింద తెగిన పోగులు కనిపిస్తాయి. అసలైన అంచులో లేపడానికి రెండో పొర ఉండదు. భూతద్దం పెట్టి ఒక పేకను పట్టుకుని చూస్తే, అది నీలి భాగం నుంచి తెల్ల భాగంలోకి తెగకుండా వెళ్ళి, చివర మెలి తిరిగి వెనక్కి వస్తుంది. సూది మొనతో ఆ మెలికను కాస్త లాగితే ఉచ్చులా పైకి లేస్తుంది.

అసలుకూ నకిలీకీ మధ్య ఇంకో రకం ఉంది. వెడల్పు మగ్గం మీదే, తెగిన పేక కొసలను తర్వాతి పేకతోపాటు లోపలికి మడిచి నేసేస్తారు. రంగు పోగు కూడా పెడతారు. దూరం నుంచి తేడా తెలియదు. వేళ్ళ మధ్య నలిపితే మాత్రం అంచు దగ్గర సెంటీమీటరు మేర మందంగా తగులుతుంది, ఎందుకంటే అక్కడ పేక రెట్టింపు. మడిచిన కొసలు ఆగే చోట సన్నటి నూగు వరుసగా కనిపిస్తుంది. నా లెక్కలో ఇది మోసం కాదు, అంచు నిజంగానే మూసుకుంది. నాడె మగ్గం గుడ్డ అని చెప్పి అమ్మితేనే అబద్ధం.

టేపు కుట్టిన రకంతో అసలు చిక్కు ఉతికాక మొదలవుతుంది. కుదింపు చేయని పచ్చి డెనిమ్ పొడవులో 7 నుంచి 10 శాతం కుంచించుకుపోవచ్చు. శాన్‌ఫరైజ్ చేసినదైనా, అంటే మిల్లులో ముందే కుదించినదైనా, 1 నుంచి 3 శాతం తగ్గుతుంది. పాలిస్టర్ టేపు తగ్గదు. 100 సెంటీమీటర్ల సైడ్ కుట్టులో గుడ్డ 3 శాతం తగ్గినా టేపు 3 సెంటీమీటర్లు మిగిలిపోతుంది. ఆ మిగులు అలలు అలలుగా ముడుచుకుంటుంది, ఇస్త్రీతో పోదు.

ఇక కుట్ల సంగతి. సెల్వెడ్జ్ సైడ్ కుట్టుకు రెండు అంచులూ కలిపి, 1.2 నుంచి 1.5 సెంటీమీటర్ల మార్జిన్‌తో (కుట్టుకు అవతల వదిలే గుడ్డ) ఒక వరుస వేసి, మార్జిన్‌ను రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేస్తారు. వాడగా వాడగా బయట రైలు పట్టాల్లాంటి రెండు వెలిసిన గీతలు పడేది ఈ రెండు మార్జిన్‌ల ఉబ్బు మీదే. మామూలు జీన్స్‌లో 5 దారాల సేఫ్టీ స్టిచ్ ఉంటుంది, అంటే 401 రకం గొలుసు కుట్టు, పక్కనే ఓవర్‌లాక్, రెండూ ఒకేసారి. గట్టిదనం మాటకొస్తే ఒక్క వరుస కుట్టు కన్నా ఇదే మేలు. ఓవర్‌లాక్ కనపడగానే నాసిరకం అనేయడం నాకు అస్సలు నచ్చదు. అంచు చెప్పేది గుడ్డ ఎలా నేశారనే, కుట్టు ఎంత గట్టిదో కాదు.

ఇంట్లో మీరే కుట్టుకుంటే, కాళ్ళ మధ్య కుట్టుకు మడత కుట్టు కావాలి. ముందు, వెనక భాగాల లోవైపులు కలిసేలా పెట్టి 1.5 సెంటీమీటర్ల దగ్గర కుట్టండి. ఒక మార్జిన్‌ను 6 మిల్లీమీటర్లకు కత్తిరించి, పొడవుగా మిగిలిన రెండో దాన్ని దాని మీదుగా మడిచి, మడత అంచుకు 2 మిల్లీమీటర్లలో రెండో వరుస వేయండి. రెండు వరుసలూ బయటికే కనిపిస్తాయి. ఇది సైడ్ కుట్టు కన్నా ముందే చేయాలి. కాలు గొట్టంలా మూసుకున్నాక ఇంటి మిషన్ కింద పరచలేం.

చదరపు గజానికి 12 ఔన్సుల గుడ్డకు 100 నంబరు జీన్స్ సూది, 14 దాటితే 110. కలిపే కుట్టు 3 మిల్లీమీటర్లు, పైకి కనిపించేది 3.5 నుంచి 4. లావు దారం పైన మాత్రమే, బాబిన్‌లో మామూలు పాలిస్టర్ దారం. మడత కుట్లు నాలుగూ కలిసే కవట దగ్గర సూది పక్కకు వంగి టాకాలు తప్పుతాయి. అక్కడ ముందే సుత్తితో కొట్టి పలచన చేసి, పాదం వెనక భాగం కింద అదే మందం గుడ్డముక్క పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ దాటించండి.

కింది మడత రెండుసార్లు తిప్పుతారు కాబట్టి ప్రతి పొరా మూడు అవుతుంది. మార్జిన్ విప్పిన కుట్టులో ఒక్కో పక్క రెండు పొరలు, మడిస్తే 6. ఒకే పక్కకు వాల్చిన ఓవర్‌లాక్ కుట్టులో ఆ పక్క మూడు, మడిస్తే 9. రెండో పక్క 3 మాత్రమే. మార్జిన్ విప్పి, దాని మీద టేపు కూడా కుట్టినదాంట్లో మాత్రం రెండు పక్కలా తొమ్మిదేసి. సూది విరిగేది అక్కడే.