మూడు దాటాక రండి

హాటన్ క్రాస్ స్టేషన్‌లో దిగి పైకి రాగానే కిరోసిన్ వాసన తగిలింది. విమానాల్లో పోసేది ఒక రకం కిరోసినే కాబట్టి అందులో వింతేం లేదు గానీ, ఆ వాసనకి నా నడకలో వేగం దానంతటదే పెరిగింది. హీత్రూ విమానాశ్రయానికి ఆగ్నేయ మూలన, పెద్ద రోడ్డు పక్కనే మర్టిల్ అవెన్యూ అని చిన్న వీధి ఉంది. కాసిని ఇళ్లు, ఒక పచ్చిక ముక్క, అంతే. 27ఎల్ అనే దక్షిణపు రన్‌వే మీద దిగే విమానాలన్నీ ఆ పచ్చిక పక్క నుంచే, టైర్ల మీది గీతలు కనిపించేంత కిందుగా వెళ్తాయని ఏళ్లుగా వింటున్నాను.

లండన్‌లో నాకు ఖాళీగా దొరికింది ఒక్క రోజు. మ్యూజియం చూడమన్న వాళ్లందరికీ సరేనని తలూపి ఇక్కడికి వచ్చేశాను.

తొమ్మిదికల్లా చేరాను. పచ్చిక మీద ఒక్క మనిషి లేడు. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. కెమెరా తీసి, లెన్స్ బిగించి, తూర్పు వైపు చూస్తూ నిలబడ్డాను. విమానాలు వస్తున్నాయి, నిమిషంన్నరకి ఒకటి చొప్పున. కానీ నా వైపు కాదు. దూరంగా, హ్యాంగర్ల అవతల ఉత్తరాన ఉన్న రెండో రన్‌వే మీద దిగుతున్నాయి. రెండింటికీ మధ్య దూరం దాదాపు 1.4 కిలోమీటర్లు.

సంగతేంటంటే, అక్కడ గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి తూర్పు నుంచి వస్తుంది. ఉన్న రెండు రన్‌వేల్లో ఒకటి దిగడానికి, ఒకటి ఎగరడానికి. మధ్యాహ్నం మూడింటికి వాటిని తారుమారు చేస్తారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి సగం రోజైనా చెవులకి విశ్రాంతి దొరకాలని. మరుసటి వారం ఈ వరస తిరగబడుతుంది. ఇదంతా నాకు ముందే తెలుసు. ఏ వారం ఏదో ముందుగానే ప్రకటిస్తారు కూడా. అది చూసుకోకుండా బయల్దేరడమే నా తెలివి.

అంత దూరం నుంచే కొన్ని ఫొటోలు తీశాను. ఒక్కటీ పనికి రాలేదు. ఎండ ఎక్కేకొద్దీ వేడెక్కిన తారు మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. దాన్ని దాటి చూస్తే విమానం పొడవునా కిటికీల వరస వంకర్లు పోతుంది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా దీనికి మందు లేదు. దగ్గరి రన్‌వే మీంచి ఎగిరేవి చూద్దామంటే కంచె అవతల తోకలు కదలడం, తర్వాత ఇంజిన్ల హోరు. అంతవరకే.

పదకొండు దాటాక ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోట్‌బుక్. కెమెరా లేదు.

“మూడు దాటాక రావాల్సింది మీరు” అన్నాడు.

“మరి మీరు ఇప్పుడే వచ్చారే?”

“నాకు వేరే పనేముంది.”

ఆయన రాసుకునేది రిజిస్ట్రేషన్ నంబర్లు. కార్లకి నంబరు ప్లేటు ఉన్నట్టే ప్రతి విమానానికీ ఒక గుర్తు ఉంటుంది. జీ అని మొదలైతే బ్రిటన్‌ది, వీటీ అంటే మనది. ఇప్పుడు ఫోన్ తీస్తే ఏ విమానం ఎక్కడుందో మ్యాప్ మీద కనిపిస్తుంది, అయినా కంటితో చూశాకే నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాడట. ఈ అలవాటు కొందరిని జైలుకి పంపింది కూడా. 2001లో గ్రీస్‌లోని కలమాటా వైమానిక స్థావరం దగ్గర నంబర్లు రాసుకుంటున్న బ్రిటిష్, డచ్ స్పాటర్లని, అంటే ఇలా విమానాలు చూడ్డమే సరదాగా పెట్టుకున్నవాళ్లని, గూఢచారులని పట్టుకున్నారు. శిక్ష కూడా పడింది, మరుసటి ఏడాది అప్పీలులో కొట్టేశారు. నంబర్లు రాసుకోవడం ఒక సరదా అని జడ్జిని నమ్మించడం కష్టమే మరి.

ఫోన్ చూడకుండా విమానాన్ని పోల్చుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బోయింగ్ 777 దిగేటప్పుడు ఒక్కో కాలికి ఉన్న ఆరు చక్రాల్లో వెనక జత కిందికి వాలి ఉంటుంది. 767కి దీనికి సరిగ్గా తిరగబడి, ముందు చక్రాలు వాలతాయి. ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్లలా ఉంటే చాలావరకు 787. కాక్‌పిట్ అద్దాల చుట్టూ నల్ల కళ్లజోడు పెట్టినట్టుంటే చాలావరకు ఎయిర్‌బస్ ఏ350. నాకు ఇష్టమైన 747 గురించి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ల చివరి రెండు 747లు 2020 అక్టోబరు 8న ఇక్కణ్నుంచే వెళ్లిపోయాయి. మళ్లీ రాలేదు.

మాటల్లో 2008 ప్రస్తావన వచ్చింది. ఆ ఏడాది జనవరి 17న బీజింగ్ నుంచి వస్తున్న ఒక 777కి, ఇదే 27ఎల్ మీద దిగబోతుండగా రెండు ఇంజిన్లూ శక్తి అందుకోలేదు. ఇంధనంలోని కొద్దిపాటి నీరు మంచై దారికి అడ్డుపడిందని తర్వాత తేలింది. చివరి క్షణాల్లో కెప్టెన్ ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) కాస్త తగ్గించి, విమానాన్ని ఇంకొంచెం ముందుకి లాగాడు. రన్‌వేకి ఇవతల గడ్డిలో పడింది, 152 మందీ బతికారు. మేం కూర్చున్న చోటి నుంచి ఆ గడ్డి ఎంతో దూరం లేదు. ఆ తర్వాత కాసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మూడు అయింది. ఎక్కణ్నుంచి వచ్చారో గానీ పచ్చిక మీద పదిహేనుమంది చేరారు. తూర్పున ఒక లైటు మా వైపు తిరిగింది.

మొదటిది చిన్న ఏ320. సెకనులో వెయ్యో వంతు షట్టర్ స్పీడ్ పెట్టి, పక్కకి వచ్చేదాకా ఆగి నొక్కాను, బాగానే వచ్చింది. అదే ధైర్యంతో తర్వాత వచ్చిన 777కి కూడా ఆగితే ముక్కు ఒక ఫొటోలో, తోక ఇంకో ఫొటోలో పడ్డాయి. దాని పొడవు 74 మీటర్లు, నా లెన్స్‌లో పట్టదు. పెద్దాయన నవ్వి, “పెద్దవాటిని దూరంగా ఉన్నప్పుడే తియ్యండి. దగ్గరికి వచ్చాక ఊరికే చూడండి” అన్నాడు.

ఆరు దాటాక ఎమిరేట్స్ ఏ380 వచ్చింది. సూర్యుడు పడమట కిందికి దిగి, ఎదురుగా వస్తున్న విమానం పొట్ట కిందికి కూడా వెలుతురు పంపిస్తున్నాడు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 80 మీటర్లు. అంత పెద్దది కదలకుండా గాలిలో నిలబడినట్టే ఉంది. దూరంగా ఉండగానే ఏడెనిమిది తీశాను. ఆయన మాట ప్రకారం అక్కడితో కెమెరా దించాలి. వేలు ఆగితే కదా! నొక్కుతూనే ఉన్నాను, కంటికి లెన్స్‌లో ఇనుము తప్ప ఏమీ కనిపించనంత దగ్గరికి వచ్చేదాకా. ఎందుకో చప్పుడు మాత్రం నేననుకున్నంత లేదు. 777 దీనికంటే ఎక్కువ గోల చేసింది.

అది వెళ్లిపోయాక ఆకాశం ఖాళీ అయింది. ఏ380 వెనక గాలి సుళ్లు బలంగా ఉంటాయి కాబట్టి తర్వాతి విమానాన్ని ఎక్కువ దూరంలో ఉంచుతారు. ఫొటోలు చూసుకుందామని తల వంచాను.

“ఉండండి” అన్నాడు పెద్దాయన.

అర నిమిషం గడిచిందేమో. పైన ఏమీ లేని చోట ఎవరో పెద్ద పట్టుగుడ్డని నిలువునా చింపుతున్నట్టు సర్రుమని శబ్దం. అది కిందికి దిగుతూ, పాములా కదులుతూ మా మీదుగా ఇళ్ల వైపు పోయింది. చెట్టు కొమ్మలు ఒక్కసారి ఊగి ఆగాయి. ఆ సుళ్లకి ఇక్కడి ఇళ్ల పెంకులు లేచిపోతే విమానాశ్రయం వాళ్లే పైకప్పు బాగు చేయిస్తారట.

తర్వాత ఫొటోలు చూసుకున్నాను. చివరి దాంట్లో పొట్ట, చక్రాలు తప్ప ఏమీ లేవు. మొత్తం 22 చక్రాల్లో 14 పడ్డాయి. వెనక భాగం మీద ఉండే రిజిస్ట్రేషన్ ఎందులోనూ లేదు.

“నంబరు రాసుకున్నారా?” అని అడిగాడు పెద్దాయన.

లేదన్నాను. నోట్‌బుక్ నా వైపు తిప్పి, పెన్ను కూడా చేతిలో పెట్టాడు.